ఉప్పు ఎక్కువైన ఏడాది

ఆ చలికాలం మందిర్ హసౌద్ రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు చూసి మా అమ్మ ఆటో ఆపించి దిగిపోయింది. బంధువుల ఇంట్లో సీమంతానికి వెళ్ళి రాయ్‌పూర్ తిరిగి వస్తున్నాం. పట్టుచీర కట్టుకుని, తలలో పూలతో, రోడ్డు దిగువన మోకాలెత్తు కుప్పల ముందు వెళ్ళి నిలబడింది. పండినవి, దోరవి, ఇంకా పచ్చదనం పోనివి కూడా ఆ కుప్పల్లో ఉన్నాయి. నాలుగైదు ఆవులు తిని తిని మొహం మొత్తి పక్కకి జరిగి నిలబడ్డాయి.

"ఏటే ఇది? ఇన్నేసి టమాటాలు ఎవలు పారబోసీసేరు?" అంది నాతో. నాకేం తెలుసు? ఆటో అతని వైపు తిరిగి తన రైల్వే క్వార్టర్ల హిందీలో "కాయకూ ఫేంకా భైయా?" అని నిలదీసింది, పారబోసినవాడు అతనే అన్నట్టు.

రేటు పడిపోయిందమ్మా, కూరగాయల మండీకి తెచ్చిన బండి కిరాయి కూడా రాదు, మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళడం ఎందుకని దారిలోనే దించేసి పోతారు, ప్రతి ఏడూ ఉండేదే అన్నాడతను. ఎంతో మామూలుగా చెప్పాడు. ఆ మామూలుగా చెప్పడమే అమ్మకు ఒళ్ళు మండించింది. చెంగునిండా ఏరుకొచ్చిన టమాటాలు ఇంటికి చేరేదాకా ఒళ్ళోనే ఉన్నాయి, పట్టుచీర మీద మరక పడుతుందని నేను ఎంత మొత్తుకున్నా.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడి కొన్నేళ్ళయిన రోజులవి. నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరై, తెలీబంధా చెరువు వెనక సందులో ఇల్లు కట్టుకున్నారు. నేను దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అమ్మది విజయనగరం పక్కన పల్లె. పెళ్ళై రాయ్‌పూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆమె వంటింట్లోకి ఛత్తీస్‌గఢ్ అడుగుపెట్టింది తక్కువే. ఊరెళ్ళిన ప్రతిసారీ రైల్లో గోనెసంచి నిండా కల్లుప్పు తెచ్చుకునేది. టీటీ అడిగితే ఉప్పని చెప్పేది, అతను నమ్మక సంచి విప్పి చూసేవాడు. అంత దూరం నుంచి ఉప్పు మోసుకొచ్చే మనిషిని అతనెక్కడా చూసి ఉండడు.

తిండి విషయంలో అమ్మ పట్టుదల మామూలుది కాదు. వంకాయలో పుచ్చు ఉంటే పుచ్చు మేరకు తీసి మిగతాది వండేది. మెత్తబడ్డ బెండకాయలు ఎండి ఒరుగులయ్యేవి. అన్నం మిగిలితే మర్నాటికి వడియాలు. మేమంతా వేళాకోళం చేసేవాళ్ళం. "మీ అమ్మ చేతికి చిక్కిన కూరకి చావు లేదు" అనేవారు నాన్న.

మర్నాడు ఉదయం మా సందులోకి కూరగాయల ఆమె వచ్చింది. ఆమె సంగతి చెప్పాలి. అభన్‌పూర్ అవతలి పల్లె నుంచి తొలి బస్సులో తెలీబంధా చెరువు దగ్గర దిగి, నెత్తిన గంపతో మా సందులన్నీ తిరిగేది. నాకన్నా పదేళ్ళు పెద్దదేమో, నేను దీదీ అనేదాన్ని. ఆమె మా అమ్మను దాయీ అని పిలిచేది, వాళ్ళ భాషలో తల్లి అని. అమ్మ ఆమెను బాయీ అనేది. ఆమె మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, అమ్మ మాట్లాడేది తెలుగు కలిసిన హిందీ. బేరం దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి శుభ్రంగా అర్థమయ్యేది. ఆమె మాటలు ఇక్కడ చాలావరకు నా తెలుగులోనే రాస్తున్నాను.

"నువ్వు కూడా రోడ్డు మీద పోస్తావా?" అని అడిగింది అమ్మ, పలకరింపు కూడా లేకుండా.

దీదీ గంప దించి మెట్టు మీద కూర్చుంది. తనవి ఇంకా మొక్కల మీదే ఉన్నాయంది. కోస్తే కూలి దండగ, కోయకపోతే కళ్ళ ముందే కుళ్ళుతాయి. వరసగా మూడో ఏడు ఇలా అవడం. ఆమె భర్తకు విసుగొచ్చేసింది. ఇటుక బట్టీ నడిపే ఒకతను వచ్చి వాళ్ళ టమాటా మడి చూసి వెళ్ళాడట. హోలీ కాగానే ట్రాక్టర్లు పెట్టి పైమట్టి తవ్వుకుంటాను, డబ్బిస్తాను, ఒప్పుకోండి అన్నాడట. చుట్టుపక్కల వాళ్ళు అప్పటికే ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నారు.

"కా కరబో దాయీ?" అంది. ఏం చెయ్యమంటావమ్మా అని.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆ మట్టి తను చేసిన మట్టి. కోడలుగా వచ్చిన కొత్తల్లో అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలిచేది కాదట. ప్రతి వేసవీ ఊరి చెరువు ఎండగానే ఒండ్రు తవ్వి, గంపలతో నెత్తిన మోసి, పేడ కలిపి ఆ మడి నింపుకుంది. ఒండ్రు మట్టి ఇటుకకు బాగుంటుందనే బట్టీ అతని కన్ను దాని మీద పడింది. "నేను మోసిన మట్టే నా చేతిలోంచి పోతోంది" అంది. మట్టి పోతే మళ్ళీ మొయ్యడానికి తనకు ఇంకో వయసు లేదంది. ఆమె ఏడవలేదు, చిక్కుడుకాయలు తూచి ఇస్తూనే చెప్పింది.

భర్త చెడ్డవాడేం కాదు. ఈసారైనా పంట పారబోయకుండా చివరిదాకా అమ్మి చూపిస్తే బట్టీకి వద్దంటానని మాట ఇచ్చాడట. పంట అమ్ముడుపోదని తెలిసే ఇచ్చాడు కాబోలు.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రేపు కోసి తెచ్చీ. పచ్చడి పెట్టీద్దాం" అంది. తర్వాత అదే హిందీలో చెప్పింది.

నాన్న పేపరు దించి చూశారు. "నువ్వేటి, రాయపూర్ టమాటాలన్నిటికీ పచ్చడి పెట్టీస్తావా?"

"రాయపూర్‌వి కాదు, బాయీవి" అంది అమ్మ.

పెట్టడం సరే, తినేదెవరు? దానికీ అమ్మ దగ్గర జవాబుంది. సిల్తరా ఫ్యాక్టరీల దగ్గర మన వాళ్ళ కుర్రాళ్ళకు మెస్సు నడిపే ఒకాయన ఉండేవాడు. కరీంనగర్ వైపు మనిషి, నాన్నకు పాత స్నేహితుడు. నేను బాబాయి అనేదాన్ని, అమ్మను వదినా అనేవాడు. పూటకి ఎంతమంది తినేవారో గానీ ఆయన మెస్సులో పచ్చడి జాడీ పొద్దున నింపితే రాత్రికి ఖాళీ. అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు పెడితే వద్దంటనా వదినా? కాకపోతే ముందు రుచి చూస్త. బాగుంటే మొత్తం నాకే" అన్నాడాయన. బాగుండకపోవడం అనే మాటకే అమ్మ చిన్నబుచ్చుకుంది.

రెండ్రోజుల్లో మా మేడ మెట్ల కింద గంపలు పేరుకున్నాయి. మా సందులో, వెనక సందులో ఉన్న తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళందరినీ అమ్మ పోగుచేసింది. రైల్వే వాళ్ళు కొందరు, స్టీలు ఫ్యాక్టరీ వాళ్ళు కొందరు. వాళ్ళకు కత్తిపీటలు తెచ్చుకోమని చెప్పింది. దీదీ తన ఊరి నుంచి ఇద్దరు తోడికోడళ్ళను తీసుకొచ్చింది. టమాటాలు కడిగి, పాత పంచెలతో తుడిచి, నీటిచుక్క లేకుండా ఆరబెట్టి కొయ్యడం. కొయ్యడం మొదలయ్యాక తడిచేత్తో ఎవరైనా దగ్గరకొస్తే అమ్మ కేకలు వేసేది. దీదీ తోడికోడళ్ళకు తెలుగు రాదు గానీ ఆ కేకలు మొదటి పూటకే అర్థమైపోయాయి.

ఉప్పు, పసుపు కలపడం మాత్రం అమ్మ ఒక్కర్తే. కొలతకి ఓ ఇత్తడి తవ్వ ఉంది, వాళ్ళమ్మ ఇచ్చింది. ఇన్ని ముక్కలకు తవ్వెడు ఉప్పు, పైన గోపురంలా శిఖ పెట్టి, అంతే. తక్కెడ లేదు, కాటా లేదు. పెట్టేటప్పుడు ఎవరూ రుచి చూడకూడదు. దేవుడి ముందు పెట్టకముందే నోట్లో వేసుకుంటే ఎంగిలి. కంటితో చూసి, వాసన చూసి, ముక్క వేళ్ళతో నొక్కి చెప్పాల్సిందే. మా ఇళ్ళల్లో ఊరగాయ అలాగే పెడతారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, ఎప్పుడూ తేడా రాలేదు.

దీదీకి ఈ పద్ధతి వింతగా తోచింది. ఒకసారి ఒక ముక్క నోటిదాకా తీసుకెళ్తే అమ్మ చెయ్యి పట్టుకుంది. "అబీ నై బాయీ, భగవాన్ పహ్లే" అంది. దీదీ నవ్వి ముక్క వదిలేసింది.

మొదటి డ్రమ్ము సగం కాకముందే కల్లుప్పు సంచి అడుగంటింది. అంత పెద్దమొత్తానికి ఊరి నుంచి తెచ్చిన ఉప్పు ఎక్కడ సరిపోతుంది? నేనే కిరాణా దుకాణానికి వెళ్ళి పొడి ఉప్పు ప్యాకెట్లు తెచ్చాను. అమ్మ ముక్కు విరిచింది. వేరే దారి లేక అదే తవ్వతో, అదే శిఖతో కొలిచి కలిపింది. ప్లాస్టిక్ డ్రమ్ములు నిండాయి. నోళ్ళకు గుడ్డలు కట్టాం. మూడో రోజు ముక్కలు పిండి ఎండబెట్టాలి.

మూడో రోజుకి ఎండ లేదు. పొద్దున లేచేసరికి ఆకాశం బూడిదరంగులో ఉంది. మధ్యాహ్నానికి సన్నటి వాన. మాఘమాసంలో రాయ్‌పూర్‌లో అప్పుడప్పుడూ పడే ముసురది, పడితే తొందరగా వదలదు. మేడ మీద పరిచిన తుంగచాపలు చుట్టి లోపలికి తెచ్చాం. మెట్ల కింద ఇంకా కొయ్యని గంపలు కొన్ని మిగిలి ఉన్నాయి. ముసురు పట్టిన రెండోరోజుకే వాటి అడుగునుంచి నీరు కారింది, నాలుగోరోజుకు బూజు. ఇల్లంతా పులిసిన వాసన. దీదీ వచ్చి ఆ గంపలు చూసి, వాటిని తీసుకెళ్ళి చెత్తకుండీ దగ్గర పోసి వచ్చింది. తన పంటను తన చేత్తోనే పారబోసింది. ఆ రోజు మా ఇంట్లో ఆమె టీ కూడా తాగలేదు.

అమ్మ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి డ్రమ్ముల గుడ్డలు విప్పి వంగి వాసన చూసేది. మళ్ళీ కట్టేది. నాన్న టీవీలో వాతావరణం వార్తలు పెట్టి కూర్చునేవారు, రాయ్‌పూర్ పేరు రాగానే మాటలు ఆపమనేవారు. ఎదురింటి పిన్నిగారు వచ్చి, డ్రమ్ములు కూడా పోయినట్టేనా అని పరామర్శగా అడిగారు. "పోతే నువ్వే మొదట ఏడుద్దువు గానీ, అందాకా ఇంటికెళ్ళు" అంది అమ్మ. ఆవిడ వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు.

ముసురు వదిలి ఎండ వచ్చింది. గుడ్డలు విప్పాం. ముక్కల్లో ఒక్కటంటే ఒక్కటి చెడలేదు. బూజు లేదు, నురుగు లేదు, వాసన శుభ్రంగా ఉంది. అమ్మ మొహం చూడాలి అప్పుడు. మెట్ల మీదుగా పైకి డ్రమ్ములు మోయిస్తూ, ఎదురింటికి వినిపించేలా మాట్లాడింది. మా మేడ, పక్క మేడ, ఆ పక్క మేడ, మూడు మేడలూ ఎర్రగా నిండాయి. దీదీ వెదురు చాటలు, పళ్ళేలు తెచ్చింది. వాళ్ళ ఊళ్ళో బూడిద గుమ్మడి వడియాలు వాటిలోనే ఎండబెడతారట. అవి చూసి అమ్మకు మొదటిసారి ఛత్తీస్‌గఢ్ మీద గౌరవం కలిగింది. తన పుట్టింట్లో కూడా గుమ్మడి వడియాలు పెడతారని, ఎలా పెడతారో ఆమెకు చేతులు తిప్పుతూ వివరించింది.

ముక్కలు ఎండాయి. ముక్కలు పిండిన ఊటలో చింతపండు నానింది. రుబ్బి, కారం, మెంతిపొడి, ఆవపొడి కలిపి, మొదటి జాడీకి నూనె తాలింపు పెట్టారు. దేవుడి దగ్గర పెట్టి హారతి ఇచ్చారు. బాబాయి సిల్తరా నుంచి స్కూటర్ మీద వచ్చి కూర్చున్నాడు. వేడి అన్నంలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపేశాడు.

"గిదేంది వదినా, గింత ఉప్పా? నా పోరగాళ్ళు గిది తింటే కుండలకు కుండలు నీళ్ళు తాగుతరు" అన్నాడు.

దీదీ కూడా వేలితో తీసి నాకింది. "నూన్ జాదా హోగే హే, దాయీ" అంది మెల్లగా.

నేనూ తిన్నాను. నిజంగానే నోరు పొక్కిపోయేంత ఉప్పు. డ్రమ్ములన్నీ అవే. ఎండినవన్నీ అవే. ఆ తోటలో వచ్చిన కాపులో సగం అందులోనే ఉంది. దీదీ కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ గోడకానుకుని నిలబడింది. హోలీ దగ్గరకు వచ్చేసింది.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. సంచి అడుగున మిగిలిన కల్లుప్పు తవ్వలో పోసుకుని బయటికి వచ్చింది. అది గిన్నెలో వంచి, అదే తవ్వతో ప్యాకెట్ ఉప్పు కొలిచి ఇంకో గిన్నెలో పోసింది. రెండు గిన్నెలూ రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తి చూసింది. తర్వాత నా చేతుల్లో పెట్టింది. కొలత ఒకటే. పొడి ఉప్పు గిన్నె మాత్రం బరువుగా కిందకి లాగుతోంది. కల్లుప్పు రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది, పొడిలో ఉండదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరి ఉప్పు తప్ప ఇంకో ఉప్పుతో ఊరగాయ పెట్టని మనిషికి ఆ సంగతి తెలుసుకునే అవసరం రాలేదు. మధ్యలో ఎవరైనా ఒక ముక్క నోట్లో వేసుకుని ఉంటే అప్పుడే తేలిపోయేది.

"ఈ ప్యాకెట్ ఉప్పు మోసం చేసీసింది" అంది అమ్మ. ఈ రోజు వరకూ ఆమె చెప్పే కథ అదే. తప్పు ఉప్పుదే.

నాన్న గిన్నెలు అందుకుని ఆయన కూడా ఎత్తి చూసి, "ఇంత ఉప్పు పడబట్టే ముసురులో ఆగేయేమో" అన్నారు. కొట్టుకుపోతున్న మనిషికి తాడు దొరికినట్టు అమ్మ ఆయన వైపు చూసింది. తగిన ఉప్పే పడి ఉంటే అన్ని రోజులు ఎండ లేకుండా ఆ ముక్కలు నిలిచేవి కావేమో, ఇప్పటికీ నాకు కచ్చితంగా తెలియదు. నాన్న చెప్పింది నిజమని మాత్రం మా ఇంట్లో అందరం గట్టిగా నమ్ముతాం.

"బాయీ," అంది అమ్మ, "తోటలో ఇంకా ఎన్ని ఉన్నాయి?"

సగం పంట అలాగే ఉందని చెప్పింది దీదీ. ముసురుకి చాలావరకు చర్మం చిట్లిపోయిందని, అవి ఎవరూ కొనరని, ఆవులను తోలేద్దామంటున్నాడు భర్త అని చెప్పింది.

"ఆవులకి ఒక్కటి పెట్టినా నా మీద ఒట్టు. అన్నీ తెచ్చీ. ఉప్పు ఎక్కువైతే తగ్గించడానికి ఏటి కావాలి? టమాటాలే కావాలి. ఉప్పు వెయ్యని టమాటా ఉడికించి ఇందులో కలుపుతాం."

ఇది హిందీలో చెప్పడానికి అమ్మకు మాటలు చాలక నన్ను చెప్పమంది. నేను చెబుతుంటే దీదీ మొహం మారడం చూశాను. తప్పు జరిగింది కాబట్టి ఇంకా టమాటాలు కావాలి. తోట మొత్తం కావాలి. చిట్లినవి కూడా పనికొస్తాయి. ఆమె బాబాయి వైపు చూసింది. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు సరి చేస్తే మొత్తం నేనే తీస్కుంట. మాట మాటే" అన్నాడు.

ఉడికించిన టమాటాతో పచ్చడి అంటే అమ్మ అంతకుముందు నవ్వేది, అది ఊరగాయే కాదనేది. ఆ వారం తన మాట తనే మింగింది. మా ఇంటి వెనక రాళ్ళపొయ్యిలు పెట్టి, పెళ్ళి వంటలవాళ్ళ దగ్గర పెద్ద బాణళ్ళు అద్దెకు తెచ్చి, చిట్లిన పళ్ళు కోసిన రోజే చిక్కబడేదాకా ఉడికించాం. సందంతా పుల్లటి ఆవిరి. ఎదురింటి పిన్నిగారు కోపం మరచి గరిటె పట్టుకుని వచ్చారు. అమ్మ ఆవిడకు అన్నిటికన్నా పెద్ద బాణలి అప్పగించింది.

చివరి విడత టమాటాలు దీదీ భర్త స్వయంగా తెచ్చాడు. అతన్ని మేము చూడటం అదే మొదలు. సన్నటి మనిషి, మాట తక్కువ. గంపలు దించి, మేడ మీద ఎండుతున్నవి, పొయ్యిల మీద ఉడుకుతున్నవి, వరండాలో నిండిన డబ్బాలు ఒకటొకటిగా చూశాడు. తోటలో ఇంక ఒక్క పండు లేదని చెప్పాడు. అది సంతోషమో కాదో అతని గొంతులో తెలియలేదు. వెళ్తూ అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఉడికించింది కలిపాక బాబాయి మళ్ళీ రుచి చూసి, ఉప్పు సరిపోయిందని మొత్తం పచ్చడి తీసుకుని దీదీ చేతిలో డబ్బు పెట్టాడు. హోలీ అయ్యాక ట్రాక్టర్లు వాళ్ళ ఊరొచ్చాయి. పక్క మళ్ళలోకి దిగాయి. దీదీ మడి గట్టు దగ్గర అతను నిలబడి, ఇక్కడికి వద్దు అని చెప్పి పంపేశాడని దీదీ మాకు చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గంప దించలేదు, నిలబడే చెప్పింది. మొహమంతా నవ్వే.

నాకు ఆ రోజు కలిగిన గర్వం సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, బళ్ళో ఆ పూట పాఠం మానేసి పిల్లలకు ఈ కథంతా చెప్పేశాను.

ఆ ఏడాదితో అయిపోలేదు. పచ్చడి ఒక్కటే మందు కాదని మాకు మరుసటి ఏడే అర్థమైంది. టమాటాలు మండీకి చేరేలోపే సగం నలిగిపోవడం దీదీకి ఎప్పటినుంచో తెలుసు, కానీ అది పంటతో పాటు వచ్చే నష్టమే అనుకునేది. లోతు గంపల్లో నింపితే అడుగు పళ్ళు పైవాటి బరువుకి చితుకుతాయి. గంపలు మాని తక్కువ లోతు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. ఎండెక్కాక కోయడం మానేసి తెల్లారుతూనే, కాస్త దోరగా ఉండగానే కోయడం మొదలుపెట్టారు. కోసినవి వడలకుండా తోటలోనే తడిగోనెలు కట్టిన పందిరి ఒకటి వేశారు. మంచివి మండీకి, మెత్తబడ్డవి ఒరుగులకు, చిట్లినవి బాణలికి. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు కూడా కలిశారు. ఇప్పుడు వాళ్ళు వంకాయలు, చిక్కుళ్ళు, మామిడి కూడా ఎండబెడుతున్నారు. ఎండబెట్టడానికి ప్లాస్టిక్ కప్పిన చిన్న షెడ్డు ఉంది, ముసురు పట్టినా భయం లేదు. బాబాయి మెస్సుకే కాక వేరే మెస్సులకు, దుకాణాలకు వెళ్తోంది వాళ్ళ సరుకు. దానికి దీదీ ఒక పేరు కూడా పెట్టింది, మా అమ్మను పిలిచే ఆ పిలుపే. అమ్మ దాని గురించి పట్టనట్టే ఉంటుంది గానీ, ఇంటికొచ్చిన చుట్టాలకు ఆ సీసా కనబడేలా గట్టు మీద పెడుతుంది.

మొన్న చలికాలంలో అమ్మను దీదీ ఊరికి తీసుకెళ్ళాను. అమ్మకిప్పుడు కర్ర లేనిదే నడక లేదు. నాన్న పోయాక ఆమె ఎక్కడికీ రానంటోంది, దీదీ స్వయంగా ఫోన్ చేసి పిలిస్తే ఒప్పుకుంది. అభన్‌పూర్ దాటాక రోడ్డుకి రెండు వైపులా గుంతలు. ఒకప్పుడు పొలాలవి. మట్టి పోయి, వాన నీరు నిలిచి, తుంగ మొలిచి ఉన్నాయి. కారు ఆపి గుంతల మధ్య కాలిబాట మీదుగా నడిచాం. చివర దీదీ మడి దగ్గరికి వచ్చేసరికి గట్టు నా నడుం ఎత్తు ఉంది. మట్టిలో మెట్లు చెక్కి ఉన్నాయి. దీదీ పైనుంచి చెయ్యి అందించింది, నేను వెనకనుంచి పట్టుకున్నాను, అలా అమ్మ ఎక్కింది.

పైకెక్కి ఆయాసం తీర్చుకుని చుట్టూ చూసింది. "ఏటే, వీళ్ళ మడి ఇంత ఎత్తు చేసుకున్నారు? మట్టి ఇంకా మోస్తందా ఏటి?"

నేను హిందీలో అడిగాను. దీదీ జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం అదే. "ఎత్తు చెయ్యలేదు దాయీ. ఇది ఎక్కడున్నది అక్కడే ఉంది. చుట్టూ ఉన్నవన్నీ కిందకి పోయాయి" అంది.

అమ్మ కింద ఉన్న గుంతల వైపు ఓసారి తిరిగి చూసింది. వంగలేక, కర్ర చివరతో నేల గీరింది. నల్లటి మెత్తటి మట్టి. నేను కొంచెం తీసి ఆమె చేతిలో పెడితే, వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే రాల్చింది.

షెడ్డులో ఆ పూట టమాటా ముక్కలకు ఉప్పు కలుపుతున్నారు. దీదీ కోడలు కాటా మీద ఉప్పు తూచి వేస్తోంది. మమ్మల్ని చూసి లేచి, అమ్మకు పీట వేసింది. పళ్ళెం అమ్మ ముందుకి జరిపి, ఎలా ఉందో చూడమంది. చూడమంటే కంటితోనే అని వాళ్ళందరికీ తెలుసు. ఆ షెడ్డులో కూడా పెట్టేటప్పుడు ఎవరూ రుచి చూడరు. దాయీ నేర్పిన నియమం అని దీదీ ఇన్నేళ్ళూ కాపాడుతూ వచ్చింది.

అమ్మ పళ్ళెంలోకి చూసింది. వాసన చూసింది. ఒక ముక్క తీసి వేళ్ళతో నొక్కింది. తర్వాత, తన జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. ఆ ముక్క నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, మింగింది.

అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"ఠీక్ హై బాయీ," అంది దీదీతో, "నమక్ ఏక్‌దమ్ ఠీక్ హై."